పఠనాలయము – స్నేహము



బానిసత్వ నిర్మూలనోద్యమ మనగానే మహాసభలును శాసనములును మనకు స్ఫురించును. కాని ఆ యుద్యమమును నడపినవారు ఒకరి యింట నొకరు భుజించిరి. ఒకరి కష్టము నొకరు వినిరి. ఒక పఠనాలయముతో ముడివడిన అట్టి స్నేహమును గూర్చి నేడు మనవి చేసెదను.

హారియట్ జేకబ్స్ 1813లో అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున బానిసగా పుట్టెను. యజమాని దుర్బుద్ధికి లోబడనొల్లక అమ్మమ్మ యింటి అటుకపై దాగెను. ఆ చోటు పొడవు 9 అడుగులు, వెడల్పు 7 అడుగులు. మిక్కిలి యెత్తైన చోటనే 3 అడుగులు. అందు ఇంచుమించు 7 ఏండ్లు గడపి, 1842లో ఉత్తర రాష్ట్రములకు తప్పించుకొని పోయెను.

1849లో ఆమె రోచెస్టర్ నగరము చేరెను. ఒకప్పుడు తానును బానిసయైన ఫ్రెడరిక్ డగ్లస్ 1847 నుండి అచ్చట ‘నార్త్ స్టార్’ పత్రికను నడపుచుండెను. ఆ కార్యాలయము పై అంతస్తున హారియట్టును, ఆమె తమ్ముడు జాన్‌యును బానిసత్వ వ్యతిరేక పఠనాలయమును నిర్వహించిరి. ఐజాక్ పోస్ట్, ఏమీ పోస్ట్ అను తెల్ల దంపతులు హారియట్టును తమ యింట నెలల తరబడి ఉంచుకొనిరి. ఐజాక్ మందుల వర్తకుడు. పారిపోయి వచ్చిన బానిసలకు వారి యిల్లు ఆశ్రయము, డగ్లసునకు మిత్రగృహము.

పఠనాలయము చిరకాలము నిలువలేదు; స్నేహము నిలిచెను. నలుగురిలో చెప్పజాలని తన యవమానములను హారియట్ ఏమీతో చెప్పుకొనెను. వానిని గ్రంథముగా వ్రాయుమని ఏమీ ప్రోత్సహించెను. లోకనిందకు వెరచి హారియట్ చాలకాలము సంకోచించెను.

1852లో, తాను పిల్లల నాడించు కొలువు చేయుచున్న యింటి యిల్లాలు కొర్నీలియా విల్లిస్ 300 డాలర్లు చెల్లింపజేసి ఆమెను విడిపించెను. మేలు చేసినవారియందు హారియట్టునకు కృతజ్ఞత కలదు. మనిషికి వెల కట్టుట మాత్రము ఆమెకు బాధయే కలిగించెను. ఆ కొలువులో నుండియే రాత్రులు మేలుకొని తన జీవితమును వ్రాసెను. లిడియా మరియా చైల్డ్ పరిష్కరింపగా, 1861లో గ్రంథము మారుపేరుతో వెలువడెను. చివర ఏమీ తన సాక్ష్యమును జతపరచెను.

మారుపేరు వలన, తరువాతి కాలమున పలువురు దానిని కల్పిత కథ యనిరి. 1980 దశకమున జీన్ ఫేగన్ యెల్లిన్ అను విదుషి, హారియట్ పూర్వము ఏమీకి వ్రాసిన యుత్తరములను పరిశీలించి, గ్రంథకర్త్రి ఆమెయే యని నిరూపించెను. స్నేహితురాలు దాచుకొనిన యుత్తరములే తుదకు సాక్ష్యము పలికినవి.

సోదరులారా, మన రిజిస్టరులో పుస్తకముల లెక్క కలదు, చందాల లెక్క కలదు. పాతికేండ్లుగా ఇచ్చట కలిసికొనినవారు ఒకరికొకరు చెప్పుకొనిన మాటలకు లెక్క లేదు. ఈ గదిలో ప్రక్కన కూర్చుండినవారి కష్టమును వినుటకు కొంత తీరిక చేసికొందము. ఏ మాట నుండి ఏ గ్రంథము పుట్టునో యెవ్వరెరుగుదురు?