మాట పెగలనప్పుడు పుస్తకం తోడు



ఆడపిల్లకు జరగరాని అన్యాయం జరిగితే మన ఇళ్లల్లో రెండే పద్ధతులు. ఒకటి, "నోరెత్తకు, పరువు పోతుంది" అని నోరు నొక్కడం. రెండోది, ప్రేమకొద్దీ "ఏం జరిగింది తల్లీ, చెప్పు" అని పదేపదే అడగడం. రెండూ ఆ పిల్లకు భారమే. చెప్పమని వేధించకుండా, ఒంటరిగా వదిలేయకుండా తోడుండే మార్గం ఇంకొకటి ఉంది. అదే చదువుకోవడం.

అమెరికా రచయిత్రి మాయా ఏంజెలో సంగతి చూడండి. ఎనిమిదేళ్ల ప్రాయంలో తల్లి స్నేహితుడే ఆమెను చెరిచాడు. ఆమె అతని పేరు బయటపెట్టాక అతను హత్యకు గురయ్యాడు. తన మాటే ఆ మనిషిని చంపిందనుకుని ఆ పసిది దాదాపు ఐదేళ్లు మౌనంలో ఉండిపోయింది. స్టాంప్స్ అనే చిన్న ఊళ్లో నాయనమ్మ దగ్గరున్నప్పుడు, బెర్తా ఫ్లవర్స్ అనే ఆవిడ ఇంటికి పిలిచి, తినడానికి పెట్టి, పుస్తకం పైకి చదివి వినిపించింది. బలవంతాన మాట్లాడించలేదు. పుస్తకాలిచ్చి, పైకి చదువుకోమంది. గొంతు మెల్లగా తిరిగొచ్చింది. ఆ గొంతుతోనే 1969లో ఆమె తన కథను పుస్తకంగా లోకానికి చెప్పింది.

ఇందులో కిటుకేమిటంటారా? పుస్తకంలోని కష్టం వేరొకరిది. కావాలంటే పేజీ తిప్పవచ్చు, గుండె బరువెక్కితే మూసేయవచ్చు. తన ఇష్టానికి విలువే లేని క్షణాన్ని చూసిన మనిషికి ఆపాటి అధికారం చిన్నదేం కాదు. "తప్పు నాది కాదు" అన్న మాట మనం వందసార్లు చెప్పినా ఎక్కనిది, ఒక పాత్రను చూసి తనకు తానే తెలుసుకోవచ్చు. 2015లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఓల్గా గారి 'విముక్త'లో అహల్య కథ ఉంది. శాపమిచ్చినవారి వైపు నుంచి కాదు, శాపం పడినామె వైపు నుంచి చెప్పిన కథ అది.

అయితే ఏ పుస్తకమైనా ముందు మీరు చదవండి. అత్యాచారాన్ని వర్ణించేవి మొదట్లోనే ఇవ్వకండి. హాస్యకథలైనా, యాత్రలైనా సరే. అందుబాటులో పెట్టండి, అంతే. "చదివావా? ఏం అర్థమైంది?" అని పాఠం అప్పజెప్పించుకోకండి. చదువుతూ వణికినా, కన్నీరు ఆగకపోయినా ఆపేయనివ్వండి.

ఒక్క మాట. పుస్తకం వైద్యానికి తోడే గాని బదులు కాదు. నిద్ర కరవైనా, చచ్చిపోతానన్నా వెంటనే డాక్టరుకు చూపించండి. సాయానికి స్త్రీలకు 181, పిల్లలకు 1098 ఫోను నంబర్లున్నాయి.

ఆమె మాట్లాడిన రోజున మాత్రం, చేతిలో పని పక్కనపెట్టి వినండి. సెలవు.