ఇల్లాలి విస్తరి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు 1856లో బయలుదేరినది మన రాయపురంనుంచే. అటువంటి చోటికి పొట్ట చేతపట్టుకొని వచ్చిన కుటుంబాలు మనవి. ఆ పొట్టలో రోజూ ఏమి పడుతున్నదో ఈ పండుగపూట కొంచెం ఆలోచించుకుందాము.

ఆరు రుచుల ఉగాది పచ్చడి యింటిల్లిపాదీ ఒకే వేళకు తింటాము. మిగిలిన 364 రోజుల భోజనమూ అలాగే అందరికీ సమంగా అందుతున్నదా? నేటి మా ప్రశ్న యిదే.

మన పెద్దలు సమతులాహారమనే పేరు పెట్టలేదు గాని, దానిని వండి వడ్డించారు. అన్నము, జొన్నరొట్టె, రాగిసంకటి శక్తినిస్తాయి. పప్పులు, గుడ్లు, చేపలు కండ పెంచుతాయి. ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు లవణాలను, విటమినులను సమకూరుస్తాయి. పాలు, పెరుగు ఎముకకు బలము. నువ్వులు, వేరుసెనగలు, నెయ్యి మితంగా చాలును. అన్నంలోని మాంసకృత్తులలో వున్న లోటును పప్పు తీరుస్తుంది. పప్పులోని లోటును అన్నము తీరుస్తుంది. పప్పుతో మొదలై మజ్జిగతో ముగిసే వరుసలో యివన్నీ వున్నవి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించిన లెక్క చూడండి. రోజుకు 2000 కేలరీలు కావలసినవారికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు, లేక వాటికి బదులు కొంత మాంసము, చేప, గుడ్డు కలిసి 85, ఆకుకూరలు, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె, నెయ్యి 27 గ్రాములు, పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. అంటే బియ్యం కంటె కూర ఎక్కువ తూగవలెను! మన యిళ్ళలో తక్కెడ అటుదిటు అయినది.

అందులోనూ ఎవరి విస్తరిలో? భర్త పనికి, పిల్లలు బడికి వెళ్ళిన పిదప యిల్లాలు కూర్చునేసరికి కూరగిన్నె అడుగు కనబడుతుంది. ఆమెకు మిగిలేది అన్నమూ, ఆవకాయా, యింత మజ్జిగా. పుట్టింటికి దూరంగా వున్నచోట “నీవు తిన్నావా అమ్మా?” అని అడిగేవారు కూడా లేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత వున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 59 మంది, తమిళనాట 53 మంది. ఊరు మారినా ఈ కొరత మనలను వదలలేదు.

లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయి మిల్లులలో పనిచేసే గర్భిణులను పరీక్షించి, వారికి వచ్చిన ఒక రకం రక్తహీనత తిండిలోని లోపంవల్లనే అనీ, ఈస్టు సారంతో నయమవుతుందనీ 1931లో ప్రకటించినది. ఆ లోపించినది ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. దానిని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన పరిశోధకులకు నాయకుడు భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ పేరుకు మూలమైన లాటిను మాటకు అర్థం “ఆకు”. తోటకూర కట్టను చిన్నచూపు చూడరాదు!

ఆచరణకు కొన్ని మాటలు. ఆకుకూరను తరుగకముందే కడిగి, తక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోయక పప్పులో కలపండి. పైన నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. కాఫీ, టీలు దానికి అడ్డుపడతాయి గనుక భోజనానికీ వాటికీ గంటసేపు ఎడం వుంచండి. చేప తినేవారికి కాసిమేడు రేవు దగ్గరే వున్నది. ముల్లుతో తినదగిన నెత్తళ్ళు ఎముకకు మేలు. తిననివారికి రాగులు, నువ్వులు వున్నవి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటరాదు. ఆవకాయ నంజుకొనేందుకే గాని కూరకు బదులు కాదు. నీరసము, ఆయాసము వుంటే రక్తపరీక్ష చేయించండి. గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా యిస్తారు.

వీటన్నిటికంటె ముందు చేయవలసినది పైసా ఖర్చులేని పని. పొయ్యిమీదనుంచి దించగానే యిల్లాలి వంతు కూర, పప్పు వేరుగా తీసిపెట్టండి. రాత్రి భోజనమైనా అందరూ కలిసి కూర్చొని తినండి. ఆమె వడ్డిస్తూ నిలబడితే, మగపిల్లవాడు లేచి గరిటె అందుకొనుట నేర్చుకోవలెను.

మీ అందరికీ ఉగాది శుభాకాంక్షలు.