చిట్టెలుక నేర్పిన పాఠము
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



కోలారు సీమలో రాగి పండించు రైతును గాని, బంగారు గనుల లైన్లలో కాపురమున్న గృహిణిని గాని అడిగినచో, ఎలుకను మించిన శత్రువు లేదందురు. అట్టి ఎలుక జాతి మనకొక పాఠము నేర్పినది. దానినే నేడు మనవి చేయదలచితిమి.

మీ బిడ్డలకు టీకాలు వేయించుచున్నారు గదా! టీకా వేసిన పిమ్మట రక్తములో ప్రతిరక్షకములను పదార్థములు పుట్టును. అవి పరాయి క్రిమిని గుర్తించి, అంటిపెట్టుకొని, దాని శక్తిని హరించును. అవి శరీరమునకు కావలివాండ్రు. కావలివాడు ఇంటివానినే దొంగ యని పట్టుకొనిన నేమగును?

ఆడజంతువు అండము చుట్టును గాజువంటి పొర యొకటి యుండును. శుక్రకణము మొదట ఆ పొరకు అంటుకొని, దానిని దాటి లోనికి పోయిననే ఫలదీకరణము జరుగును. 1972లో అమెరికాలో షైవర్సు, ఆయన సహచరులు హామ్‌స్టరను ఎలుకజాతి జంతువు అండములపై, దాని అండాశయమునకు ప్రతిగా పుట్టించిన ప్రతిరక్షకములను ప్రయోగించిరి. శుక్రకణములు ఆ పొరకు అంటుకొనజాలకపోయెను. తలుపునకు గడియ పడినట్లైనది. 1989లో మిల్లర్, డీన్ ప్రభృతులు ఆ పొరలోని మాంసకృత్తు తునకతో టీకా తయారుచేసి ఆడ చిట్టెలుకలకు వేసిరి. వాని రక్తములోనే ప్రతిరక్షకములు పుట్టి, దీర్ఘకాలము గర్భము రాలేదు. అండాశయములు మాత్రము చెడలేదు.

ఇది ఎలుకల ముచ్చట యని త్రోసివేయరాదు. 1977లో షైవర్సు, డన్బారు అనువారు సంతానము లేని కొందరు స్త్రీల రక్తములో ఇట్టి ప్రతిరక్షకములనే కనుగొనిరి. సంతానహీనతకు ఇదియొక కారణము కావచ్చునే గాని, ఇదియే కారణమని రూఢిగ చెప్పుటకు వీలులేదు. అంతకు 23 ఏండ్ల మునుపే, 1954లో, రుమ్కె, విల్సన్ అనువారు వేర్వేరుగ, సంతానము లేని కొందరు పురుషులలో తమ శుక్రకణములకే ప్రతిగా పుట్టిన ప్రతిరక్షకములను కనుగొనియుండిరి. శాస్త్రము పురుషుని ముందు పరీక్షించినది. మన యిండ్లలో నింద మాత్రము ముందు స్త్రీకే.

మా పూర్వ విద్యార్థిని యొకతె పెండ్లియైన నాలుగవ యేట పుట్టింటికి తిరిగివచ్చినది. అత్తవారు ఆమెచేత నోములు నోయించిరి, చెట్టుకు ఊయలలు కట్టించిరి, తుదకు శుభకార్యములకు పిలుచుట మానిరి. భర్తను ఒక్కనాడైనను వైద్యునికి చూపలేదు. "అయ్యా, నేనేమి పాపము చేసితిని?" అని ఆమె అడిగినపుడు మేము తలవంచుకొంటిమి. ఏలయన, జీవశాస్త్రములో ఆ పాఠము వచ్చినపుడు, ఇంటివద్ద చదువుకొనుడని సిగ్గుచే దాటవేసినవారము మేమే.

ఈ యేడు ఆ పాఠమును తరగతిలోనే బోధింతుము. మీరు అడ్డు చెప్పవలదని ప్రార్థన. మరియొక ప్రార్థన: కోడలిని వైద్యుని యొద్దకు పంపునపుడు కుమారునిగూడ వెంట పంపుడు. కారణము కంటికి కనబడనిది. దానికి పాపమని పేరు పెట్టుట తగదు.