లయ కుదిరిన గుండె: అబ్లేషన్ తరువాత ఆరోగ్యం

(ఆలయ వార్షికోత్సవ ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ వ్యాధి, దానికి చేసే అబ్లేషన్ చికిత్స ఇప్పుడు మన కుటుంబాలలో తరచుగా వినబడుతున్నాయి. చికిత్స ఎలా చేస్తారో ఆసుపత్రిలో చెబుతారు. ఇంటికి వచ్చిన తరువాత ఎలా మెలగాలన్న విషయంలోనే సందేహాలు మిగిలిపోతున్నాయి. ఈనాటి నా ప్రసంగం ఆ సందేహాల గురించే.

గుండెలోని పై గదులు కర్ణికలు, క్రింది గదులు జఠరికలు. ఈ వ్యాధిలో కర్ణికలలో నిమిషానికి 350 నుంచి 600 వరకు విద్యుత్ ప్రేరణలు చెలరేగుతాయి. అవి అదురుతాయే గాని సక్రమంగా సంకోచించవు. జఠరికలు నిండడానికి కర్ణికలు అందించే సుమారు 20 నుంచి 30 శాతం తోడ్పాటు నిలిచిపోతుంది. అందువల్లనే మెట్లెక్కితే ఆయాసం, అకారణమైన అలసట కలుగుతాయి. కర్ణికలో నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఆ ముప్పు ఇతరులతో పోలిస్తే సుమారు 5 రెట్లు ఎక్కువ.

1998లో ఫ్రాన్సులోని బోర్డో నగర వైద్యులు 45 మంది రోగులను పరిశీలించి, ఈ అపశ్రుతిని రేపే కేంద్రాలలో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి వచ్చే పుపుస సిరలలోనే ఉన్నాయని కనుగొన్నారు. నేటి అబ్లేషన్‌కు పునాది అదే. గజ్జలోని సిర ద్వారా సన్నని గొట్టాన్ని గుండెకు చేర్చి, పుపుస సిరల ముఖద్వారాల చుట్టూ వేడితో గాని, అతిశీతలంతో గాని, విద్యుత్ పల్సులతో గాని మచ్చ ఏర్పరుస్తారు. అపశ్రుతి ఆ కంచె దాటి లోపలికి రాదు.

మరి బలహీనపడిన గుండె కోలుకుంటుందా? చాలామందిలో కోలుకుంటుంది. 2017లో ఆస్ట్రేలియా వైద్యులు వెలువరించిన ఒక అధ్యయనంలో, గుండె బలహీనతకు వేరే కారణమేదీ కనబడని రోగులను తీసుకున్నారు. అబ్లేషన్ పొందినవారికి 6 నెలలలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ సగటున 18 పాయింట్లు పెరిగింది. మందులతో వేగాన్ని మాత్రమే అదుపు చేసినవారికి 4 పాయింట్లే పెరిగింది. 2018లో వెలువడిన మరొక అధ్యయనంలో గుండె వైఫల్యం గల 363 మంది ఉన్నారు. వారిలో మరణం గాని, గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలు కావడం గాని మందుల వర్గంలో 44.6 శాతం, అబ్లేషన్ వర్గంలో 28.5 శాతం.

తొలి వారంలో బరువులెత్తరాదు. ఉత్సవ పల్లకి మోసే సేవను మరొకరికి అప్పగించండి. గజ్జ వద్ద గాయం మానేవరకు బాసింపట్టు వేసుకోవద్దు. తొలి రెండు, మూడు నెలలలో అప్పుడప్పుడు గుండె దడ రావచ్చు. చికిత్స విఫలమైందని దిగులుపడకుండా వైద్యునికి తెలియజేయండి. విశ్రాంతిలో నాడి మునుపటికంటే కొంత వేగంగా ఉండడం కూడా సాధారణమే. అయితే తొలి రెండు నెలలలో జ్వరం, మింగుటకు కష్టం, ఛాతీ నొప్పి, మాట తడబడడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లి, అబ్లేషన్ జరిగిందని మొట్టమొదట చెప్పండి. అన్నవాహికకు గాయమయ్యే ప్రమాదం బహు అరుదు గాని ప్రాణాంతకం.

ఇక వ్యాయామం. "గుండెకు చికిత్స జరిగింది, కదలనివ్వకండి" అని ఇంటివారు ప్రేమతో కుర్చీకి అంటిపెట్టడం మన ఇళ్లలో తరచుగా చూస్తుంటాను. అది మేలు చేయదు. 2015లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వైద్యులు ఈ వ్యాధి గల 308 మంది అధికబరువు రోగులను పరిశీలించారు. దేహదారుఢ్యం ఒక్కొక్క మెట్ పెరిగిన కొద్దీ వ్యాధి తిరగబెట్టే అవకాశం 9 శాతం చొప్పున తగ్గింది. ఈ వ్యాధిగ్రస్తులు వారానికి 210 నిమిషాల వ్యాయామాన్ని లక్ష్యంగా పెట్టుకోవాలని అమెరికా హృద్రోగ వైద్యసంఘాల 2023 మార్గదర్శకాలు సూచించాయి. అంటే రోజుకు అరగంట నడక. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం చాలు. పది నిమిషాలతో మొదలుపెట్టి, వైద్యుని అనుమతితో వారం వారం పెంచండి. ప్రదక్షిణలు మంచి ఆరంభమే గాని, వాటి తరువాత పులిహోర, లడ్డు ప్రసాదాలను కంటికద్దుకుని కొద్దిగా స్వీకరించండి. రక్తపోటు, మధుమేహం, బరువు, నిద్రలో శ్వాస ఆగే జబ్బు అదుపులో లేకపోతే చికిత్స ఫలితం నిలవదు. మద్యం మానడం ఉత్తమం.

చివరిది, అతి ముఖ్యమైనది. లయ కుదిరింది గదా అని రక్తం గడ్డకట్టకుండా వాడే మందును స్వయంగా మానవద్దు. చికిత్స తరువాత కనీసం రెండు, మూడు నెలలు అందరూ వాడాలి. ఆపైన కొనసాగించాలా అన్నది వయసు, రక్తపోటు, మధుమేహం, పూర్వపు పక్షవాతం వంటివి చూసి వైద్యుడు నిర్ణయిస్తాడు. నాడి బాగున్నదన్న ఒక్క కారణం చాలదు. ఏకాదశి ఉపవాసం చేసేవారు గమనించాలి: రివరోక్సాబాన్ భోజనంతో తీసుకుంటేనే శరీరానికి సరిగా అందుతుంది. ఉపవాసానికి ముందే వైద్యుని అడగండి. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానవలసిన పని లేదు. వారం వారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తినండి.

చికిత్స గుండెకు లయను తిరిగి ఇస్తుంది. ఆ లయను నిలుపుకునే బాధ్యత రోగిది, వారి ఇంటివారిది. ఈ సాయంత్రం హారతి అనంతరం ఇంట్లో పెద్దవారిని మీరే చేయి పట్టుకుని నాలుగడుగులు నడిపించండి. అందరికీ ఆయురారోగ్యాలు కలగాలని స్వామివారిని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

స్వస్తి.