నాటకం చూద్దాం రండి



ఈ రాత్రి మన బడి ముందు ఆరుబయట 'కన్యాశుల్కం' నాటకం ఆడుతున్నారు. వంటా వార్పూ తొందరగా ముగించుకోండి. చాపలు తెచ్చుకోండి. వెనక నిలబడకండి, ముందు కూర్చోండి. "ఆడవాళ్లకు నాటకాలెందుకు?" అని ఎవరైనా అంటే, "ఇది మా కథే" అని చెప్పండి.

ఈ నాటకం రాసింది గురజాడ అప్పారావు గారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకం అచ్చయింది. ఇందులో మనుషులు ఇంట్లో, వీధిలో మాట్లాడుకునే మాటలే ఉంటాయి. అందుకే వింటే మనకు అర్థమవుతుంది.

కన్యాశుల్కం అంటే ఏమిటి? డబ్బు తీసుకుని పిల్లనివ్వడం. ఆ రోజుల్లో కొన్ని బ్రాహ్మణ కుటుంబాల్లో ఈ ఆచారం ఉండేది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో లెక్క రాయించారు. మూడేళ్లలో అలాంటి పెళ్లిళ్లు 1034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది పిల్లలు కూడా ఉన్నారు. ఉయ్యాలలో పిల్లకు పెళ్లి!

నాటకంలో అగ్నిహోత్రావధాన్లు అని ఒక తండ్రి ఉంటాడు. పెద్ద కూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే విధవ అయింది. అయినా ఆయనకు బుద్ధి రాలేదు. డబ్బు కోసం చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లు అనే ముసలివాడికి ఇస్తానంటాడు. తల్లి వెంకమ్మ వద్దని ఏడుస్తుంది. ఆమె మాట ఎవరూ వినరు. చివరకు నూతిలో దూకుతుంది. పైకి తీసి బతికిస్తారు.

ఈ నాటకంలో నవ్వు కూడా చాలా ఉంది. వెంకమ్మ కొడుకు పరీక్ష తప్పి ఇంటికొస్తాడు. వెంట గిరీశం అనే మాటకారి వస్తాడు. ఇద్దరూ ఆమె ముందు ఇంగ్లీషులో ఏదేదో వాగుతారు. కొడుకు గొప్ప చదువు చదివాడని ఆ తల్లి మురిసిపోతుంది. మనమూ నవ్వుతాం. నవ్వాక ఒక్క మాట ఆలోచించండి. ఆమెకు చదువొస్తే అలా మోసపోయేదా? మీ పిల్లల మార్కుల కాగితం ఇప్పుడు మీరే చూడగలరు కదా!

సుబ్బిని కాపాడటానికి మేనమామ ఒక ఎత్తు వేస్తాడు. అదేమిటో నేను చెప్పను. మీరే చూడండి.

అప్పుడు పిల్లనిచ్చి డబ్బు తీసుకున్నారు. ఇప్పుడు పిల్లతో పాటు కట్నం ఇస్తున్నారు. ఎటు చూసినా బేరం ఆడపిల్ల మీదే. కట్నం నేరమని 1961లో చట్టం వచ్చింది. బాల్యవివాహాలు ఆపడానికి 2006లో చట్టం వచ్చింది. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదు. అలాంటి పెళ్లి ఎక్కడైనా జరుగుతుంటే 1098కి ఫోను చేయవచ్చు. ఈ నంబరు పలక మీద రాసి నేర్చుకోండి.

నాటకం అవగానే చాపలు చుట్టేయకండి. కాసేపు కూర్చుందాం. వెంకమ్మ ఒక్కతే కాబట్టి నూతిలో దూకింది. ఆమె పక్కన పదిమంది ఆడవాళ్లు నిలబడి ఉంటే ఏమయ్యేది? మన ఊళ్లో ఇప్పుడు ఏ సుబ్బి పెళ్లి మాటలు నడుస్తున్నాయి? అది మాట్లాడుకుని ఇళ్లకు వెళదాం.