పాతవస్తువుల అంగడి



వాడిన వస్తువుల నమ్ము అంగడికి జను లేల వత్తురు? చవుక గనుక వత్తురని చెప్పుట సులభము. కాని మా చిలకలూరిపేట ప్రాంతమున పాతబట్ట కొనుటకంటె అప్పుచేసి క్రొత్తబట్ట కొనుటయే గౌరవమని తలంచువారు పెక్కుమంది కలరు. కావున అట్టి అంగడివాడు ధర తగ్గించుటకు ముందు కొనువాని సిగ్గును పోగొట్టవలెను.

ఈ సంకోచము వట్టి డంబము వలన కలిగినది కాదు. ఇతరులు తొడిగిన చెప్పులను, బట్టలను ధరింపరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయమున నిషేధ మున్నది. అంటురోగముల భయమును కలదు. అయితే ఆ గ్రంథమే అయిదవ అధ్యాయమున వస్త్రములకును లోహపాత్రలకును శుద్ధివిధులను చెప్పినది. ఉతికి, ఎండనారవేసి, చిరుగులు కుట్టి, ఇస్త్రీచేసి మడతపెట్టిన బట్టను చూచినపుడు సంకోచము సగము తొలగును. మాసినబట్టలను కుప్పపోసినచో ఊరక ఇచ్చినను మానవంతుడు చేయిపెట్టడు.

పుస్తకముల కా నిషేధము లేదు. మదరాసునందు 1900లో వెలసిన మూర్ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతి యగువరకును పాతపుస్తకములకు పేరుపొందినది. హైదరాబాదు ఆబిడ్సు కాలిబాటలపై ఆదివారములందును, విజయవాడ లెనిన్ సెంటరునందును ఆ బేరము నేటికిని సాగుచున్నది. గ్రంథములు కన్నుల యెదుట పరచియుండును, తిరుగవేసి చూచుకొనవచ్చును. ముద్రణలో లేని పుస్తక మేదైన దొరకునేమో యను ఆశ చదువరిని మరల మరల రప్పించును.

మన వీథులలో పాతబట్టలకు స్టీలుగిన్నెల నిచ్చు వర్తకుల కేక మీ రెరిగినదే. రొక్కము లేకయే బేరము కుదురును. ఇచ్చుటకు మనకు సిగ్గులేదు, కొనుటకే సిగ్గు. ఇది యుక్తమా?

ఇంగ్లండునందు 1942లో ఆక్స్‌ఫర్డు పురమున క్షామపీడితుల సహాయార్థము నెలకొన్న ఆక్స్‌ఫామ్ సంస్థ, జనులు దానమిచ్చిన వస్తువులను అంగళ్లలో అమ్మి ఆ ధనమును సహాయకార్యములకు వినియోగించుచున్నది. అచ్చట చొక్కా కొన్నవాడు తానును దానమున పాలుపంచుకొంటినను తృప్తితో ఇల్లు చేరును. సిగ్గునకు అంతకంటె మంచి మందు లేదు.

ఇది మనకేల యందురా? జూన్ మాసమున బడులు తెరతురు. ఆ తరుణముననే ప్రత్తి విత్తనములకును ఎరువులకును రొక్కము కావలెను. ప్రత్తితీత అక్టోబరు ప్రాంతమునకు గాని రాదు. మిరప ఇంకను ఆలస్యము. పిల్లల పుస్తకములకును దుస్తులకును చేసిన అప్పుపై ఆ నడిమి నెలలలో వడ్డి పెరుగుచుండును. కౌలురైతున కిది మోయరాని బరువు.

నేను పాఠములు చెప్పిన కాలమున, పైతరగతికి పోవు బాలుడు తన పుస్తకమును సగము ధరకు క్రిందితరగతి బాలున కిచ్చుచుండెను. అట్టకు క్రొత్తకాగితము తొడిగిన పుస్తకమే ముందుగ అమ్ముడుపోయెడిది. ఈ వర్తకసూక్ష్మమును వారి కెవరును బోధింపలేదు.

కావున గ్రామపెద్దలకు నా విన్నపము. వేసవి సెలవులలో ఊర నొక గదిని ఇందులకై కేటాయింపుడు. పుస్తకములను, దుస్తులను శుభ్రపరచి అమర్పుడు. ప్రతిదానికిని ధరచీటి అంటింపుడు. లోపమున్న దాచక చెప్పుడు. అన్నిటికంటె ముఖ్యముగ, మొదటిదినమున మీరే వెళ్లి మీ మనుమలకు అచ్చట కొనుడు. పెద్దరైతు కొన్నచోటికి కౌలురైతు తలవంచుకొని రానక్కరలేదు.

సెలవు.