సంఘం ఈమెయిలు పాస్‌వర్డుకు కాపుదల
(పాల సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము తనిఖీకి వచ్చినప్పుడు మొదట అడిగేది నగదు పుస్తకం, చేతి నిల్వ, ఇనప్పెట్టె తాళం. ఈ మధ్య ఇంకొకటి కూడా అడుగుతున్నాము. సంఘం ఈమెయిలు ఎవరి ఫోనులో ఉంది? ఆ ఫోనుకు తాళం వేస్తున్నారా? మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు వస్తుంది. రెండవదానికి చాలాచోట్ల నవ్వే జవాబు.

ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు. పాల బిల్లుల వివరాలు, బ్యాంకు లేఖలు ఆ మెయిలుకే వస్తాయి. ఇతర ఖాతాల పాస్‌వర్డు మరచిపోతే కొత్తది పెట్టుకునే లింకు కూడా సాధారణంగా అక్కడికే వస్తుంది. మెయిలు చేజిక్కినవానికి తాళాల గుత్తి దొరికినట్లే.

ఫోనులో మెయిలు ఒకసారి తెరిచిన తరువాత అది ప్రతిసారీ పాస్‌వర్డు అడగదు. కాబట్టి తాళం లేని ఫోను దొంగ చేతిలో పడితే, వాడికి పాస్‌వర్డు తెలియవలసిన పనే లేదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో తయారై వచ్చిన ఫోన్లు లోపలి సమాచారాన్ని గుప్తలిపిలోకి మార్చి దాస్తాయి. అయితే దానికి బలం మనం పెట్టే తాళమే. తాళం పెట్టనివారికి ఆ రక్షణ ఉన్నా లేనట్లే.

కావున మా మనవి ఇది.

ఒకటి: నాలుగంకెల పిన్‌లు మొత్తం 10,000 మాత్రమే, ఆరంకెలవి 10 లక్షలు. ఆరంకెలే పెట్టండి. పుట్టిన తేదీ, సంఘం రిజిస్టరు నంబరు వద్దు.

రెండు: పాస్‌వర్డును కాంటాక్టులలో, వాట్సాప్‌లో రాసి ఉంచవద్దు. ఫోనులోని పాస్‌వర్డ్ మేనేజరులో ఉంచండి. అది చూపేముందు వేలిముద్రో, పిన్నో అడుగుతుంది.

మూడు: మెయిలుకు రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. అది ఇచ్చే బ్యాకప్ కోడ్లను కాగితంపై రాసి ఇనప్పెట్టెలో భద్రపరచండి.

నాలుగు: కార్యదర్శి మారిన రోజునే పాస్‌వర్డు మార్చి, పాత ఫోనును ఖాతానుంచి తొలగించి, ఆ సంగతి ఛార్జి అప్పగింత జాబితాలో రాయండి. ఫోను అమ్మేముందు ఖాతా తీసివేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

ఫోను పోతే ఆలస్యం చేయవద్దు. సిమ్ మరో ఫోనులో వేసినా ఓటీపీలు వస్తాయి గనుక వెంటనే దానిని ఆపించండి. వేరొక ఫోనునుంచి ఖాతాలోకి వెళ్లి పోయిన ఫోనును సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డు మార్చండి. బ్యాంకుకు తెలపండి. డబ్బు పోయిందని తెలిస్తే 1930కి ఫోను చేయండి.

రెండు పూటలా పాలు పోసే సభ్యురాలికి ఈ పాస్‌వర్డుల సంగతి తెలియకపోవచ్చు. బిల్లు రోజున తన డబ్బు తనకు అందుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని కాపాడే బాధ్యత మనది. వచ్చే తనిఖీలో ఇనప్పెట్టెతోపాటు ఫోను తాళం కూడా చూస్తాము. సిద్ధంగా ఉండగలరు.